నేను వేట నేర్పినవాడే నా చోటుకి గ్యాంగ్‌తో వచ్చాడు (టర్కీ కోళ్ల వేట సీజన్ గోడు)

రోలా_రవి
మిస్సోరిలో రోలాకి దక్షిణంగా ఒక పెద్దాయన పొలం ఉంది. ఆవులు మేసే బయళ్లు, చుట్టూ ఓక్ అడవి, మధ్యలో వాగు. అక్కడ వేటకి అనుమతి నాకు ఊరికే రాలేదు. ఎండల్లో గడ్డి మోపులు ఎత్తాను, కంచె తీగలు బిగించాను, ఆయనకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆవుల్ని చూసుకున్నాను.

పోయినేడు ఆఫీసులో మనవాడొకడు సరదా పడితే వెంట తీసుకెళ్లాను. కాల్ (టర్కీ కూత తీసే పరికరం) ఎలా వాడాలి, చెట్టుకి వీపు ఆనించి ఎలా కూర్చోవాలి, సేఫ్టీ ఎప్పుడు తీయాలి, అన్నీ దగ్గరుండి నేర్పాను. మొదటి టామ్‌ని, అంటే పుంజు టర్కీని, నా పక్కన కూర్చునే కొట్టాడు. ఆ రోజు ఇద్దరం అక్కడే ఈకలు పీకుతూ ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో.

ఈ ఏడు ఓపెనింగ్ డే, ఇంకా చీకటి ఉండగా వెళ్తే గేటు దగ్గర రెండు కార్లు. వాడు, వాడితో ఇంకో ముగ్గురు. వాగు పక్కన సికమోర్ చెట్ల మీద టర్కీలు రాత్రి పడుకుంటాయి కదా, సరిగ్గా వాటి కిందే టార్చిలైట్లు. "నేనే వెళ్లి పెద్దాయన్ని అడిగాను, సరే అన్నాడు, నీకేంటి ప్రాబ్లమ్?" అన్నాడు. తెల్లారాక ఒక్క గాబుల్ (పుంజు కూత) కూడా వినపడలేదు.

నాది అతి అంటారా? లేక ఇలాంటివాణ్ని స్నేహితుడు అనుకోవడమే తప్పా?

కాన్సాస్_కిట్టు
మ్యాప్‌లో పిన్ షేర్ చేశారా? చేస్తే అది ఇంక మీ చోటు కాదు. వాట్సాప్ గ్రూపులో ఉన్న అందరిదీ.

రోలా_రవి
పిన్ పంపలేదు కిట్టూ. కార్లో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. అదే ఎక్కువైంది.

డాలస్_డేగ
పొలం ఆయనది. ఆయన ఎవరికైనా ఇవ్వొచ్చు. మీరు మోపులు ఎత్తారు సరే, అది రిజిస్ట్రీ కాదు కదా. అందుకే మా టెక్సస్‌లో ఈ గొడవ ఉండదు. ఇక్కడ భూమంతా దాదాపు ప్రైవేటే. డబ్బు కట్టి లీజ్ తీసుకుంటాం, ఎవరు రావచ్చో కాగితం మీద ఉంటుంది. రియో గ్రాండే టర్కీలు గుంపులు గుంపులుగా వస్తాయి, ఎవడి వాటా వాడికి.

ఓజార్క్_బాబాయ్
@డాలస్_డేగ, కాగితం మీద రాసుకునేది లీజ్. ఇక్కడ అడుగుతున్నది వేరే. ఒకరి గడప తొక్కి సంపాదించుకున్న మాటని ఇంకొకడు వాడుకోవచ్చా అని. చట్టప్రకారం వాడుకోవచ్చు. మర్యాద ప్రకారం ముందు రవికి ఒక ఫోన్ చెయ్యాలి. ఆ ఫోన్ చేసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

నేను ఈ రాష్ట్రంలో చాలా ఏళ్లుగా ఉన్నాను, మొదట్లో తెలిసిన పొలం ఏదీ లేదు. మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌కే పోయేవాణ్ని. అది ప్రభుత్వ అడవి, ఎవరైనా రావచ్చు. ఒకరోజు గట్టు మీద కూర్చుని యెల్ప్ (పెట్ట కూత) చేస్తుంటే లోయ అవతల నుంచి ఒక పెట్ట జవాబిచ్చింది. నేను ఒకటంటే అది రెండంటోంది. పెట్ట వెనక పుంజు కచ్చితంగా ఉంటుందని ఆశ. దాదాపు గంటసేపు నడిచింది ఈ సంభాషణ. చివరికి ఒక పెద్ద ఓక్ చెట్టు వెనక నుంచి గట్టిగా మనిషి గొంతు: "బాబూ, నువ్వు టర్కీవి అయితే ఈపాటికి రావాల్సింది, నేను మాత్రం మనిషినే!" అని.

ఆయన రైల్వేలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయినాయన. అప్పుడు మొదలైన స్నేహం ఇప్పటిదాకా ఉంది. నాకు ఒక బాక్స్ కాల్ చేసిచ్చాడు. సెడార్ పెట్టె, వాల్‌నట్ మూత. మూత కింద సుద్ద రాసి పెట్టె అంచు మీద రుద్దితే కూత వస్తుంది. ఆయన వేలు ఎక్కడ పెట్టాలో చూపించడానికి మూత చివర కొంచెం చెక్కి పల్లం చేశాడు. అది నా వేలికి సరిపోలేదు, పక్కన ఇంకోటి చెక్కాడు. ఇప్పుడు దాని మీద రెండు పల్లాలున్నాయి. మా ఇంట్లో ఉగాదికి పులిహోర తినకుండా వెళ్లడు, వేపపువ్వు పచ్చడి మాత్రం ముట్టడు.

కొత్తవాళ్లు ఒకటి గమనించండి. ఆయన చెయ్యి ఊపలేదు, ఈల వెయ్యలేదు, కదలకుండా గట్టిగా మాట్లాడాడు. అడవిలో ఎదుటివాడు మనల్ని టర్కీ అనుకుంటున్నాడని అనుమానం వస్తే చెయ్యాల్సింది అదొక్కటే.

శాకాహారి_శంకరం
ఒక ప్రాణిని చంపడానికి వెళ్లి, ఆ చోటు నాదా నీదా అని కొట్టుకుంటూ, మళ్లీ దానికి స్నేహం అని పేరు. నాకైతే అర్థం కాదు. వాకింగ్‌కి వెళ్లినా స్నేహితులు దొరుకుతారు.

కాన్సాస్_కిట్టు
శంకరం గారు వచ్చేశారు, ఇక ఈ చర్చ వంద పోస్టులకి పోతుంది.

నల్గొండ_నరేష్
శంకరం గారూ, మీ బాధ న్యాయమే. కానీ ఒక లెక్క చూడండి. 1930ల నాటికి ఈ దేశం మొత్తంలో అడవి టర్కీలు 2 లక్షల దాకే మిగిలాయి. అడవులు నరికారు, అమ్మకానికి వేటాడారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకులు, తూటాల మీద ఎక్సైజ్ పన్ను, పొడుగు తుపాకులకి 11 శాతం. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పోతుంది. 1973లో నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ పెట్టేటప్పటికి 13 లక్షలయ్యాయి. ఆ తర్వాత 60 లక్షలు దాటాయి.

మొదట్లో ఫారాల్లో పెంచిన పిల్లల్ని తెచ్చి అడవిలో వదిలారు. దాదాపు ఏవీ నిలబడలేదు. తల్లి నేర్పకపోతే నక్క ఏదో గద్ద ఏదో వాటికి తెలియదు. తర్వాత మేత చల్లి, నిజమైన అడవి టర్కీలు వచ్చి తింటుంటే వాటి మీదికి చిన్న ఫిరంగులతో వలలు పేల్చి పట్టారు. పెట్టెల్లో పెట్టి కొత్త అడవులకి తీసుకెళ్లి వదిలారు. మిస్సోరి అయితే తన టర్కీలు కెంటకీకి ఇచ్చి, బదులుగా లూసియానా నీటికుక్కల్ని తెచ్చుకుంది. ఇక్కడ వాగుల్లో ఇప్పుడు నీటికుక్కలు కనపడుతున్నాయంటే ఆ బేరం పుణ్యమే.

శాకాహారి_శంకరం
బాగుంది నరేష్. కానీ పన్ను కట్టాలంటే తుపాకీ కొంటే చాలు కదా, పేల్చక్కర్లేదు :)

నల్గొండ_నరేష్
ఈ పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు సార్.

పెన్సిల్వేనియా_పద్మ
శంకరం గారు అన్నట్టు పేల్చకుండా వెళ్లేదాన్ని నేనొకదాన్ని ఉన్నాను. మా పక్కింటి పెద్దావిడ వేటగత్తె. భర్త పోయాక ఒక్కతే వెళ్తోందని తోడుగా వెళ్లడం మొదలుపెట్టాను. తుపాకీ ఆవిడది, థర్మాస్‌లో టీ నాది.

చూడనివాళ్లకి చెప్పినా నమ్మరు. మేం చెట్టు మొదట్లో కూర్చున్నాం. గాబుల్ ఆగిపోయి చాలాసేపైంది, వెళ్లిపోయిందనుకున్నా. అంతలో ఎక్కడో "ఛిక్" అని చిన్న చప్పుడు, దాని వెంటనే గుమ్మ్‌మని మోత. ఆ మోత చెవికి కాదు, ఛాతీకి తెలుస్తుంది. ఆవిడ మోచేత్తో నన్ను పొడిచింది. పది గజాల్లో తోక విప్పుకుని పుంజు. ఈకలు నల్లవి అనుకుంటాం గానీ ఎండ పడితే రాగి, ఆకుపచ్చ, ఊదా. తల చూస్తుండగానే ఎర్రగా ఉన్నది తెల్లబడి, బుగ్గలు నీలంగా అయిపోయాయి. ముక్కు మీద వేలాడే కండ పొడుగు సాగి ముక్కు పక్కకి జారింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ పేల్చలేదు. అడ్డంగా ఒక పెట్ట నిలబడి ఉంది, గుళ్లు చెల్లాచెదురై దానికి తగులుతాయని. పుంజు నెమ్మదిగా గట్టు దిగి వెళ్లిపోయింది.

రవి గారూ, ఆవిడ తన చోట్లన్నీ నాకు చూపించింది. ఒకే ఒక్క మాట అడిగింది, "నేను బతికుండగా ఇక్కడికి ఎవరినీ తీసుకురావద్దు" అని. మీరు మీవాడికి అలాంటి మాటేమైనా ముందే చెప్పారా?

రోలా_రవి
చెప్పలేదు పద్మ గారూ. చెప్పాల్సిన అవసరం ఉంటుందనుకోలేదు.

డాలస్_డేగ
అదే నేనంటున్నది. చెప్పని రూలు ఎవడు పాటిస్తాడు?

గుంటూరు_గన్ను
@డాలస్_డేగ, మీ ఇంటికి భోజనానికి పిలిస్తే, మర్నాడు ఇంకో ముగ్గుర్ని వెంటేసుకుని వస్తే "రావద్దని చెప్పలేదుగా" అంటే ఊరుకుంటారా?

కొత్త_హెచ్‌వన్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. వీసా మీద ఉన్నవాళ్లు అసలు తుపాకీ పట్టుకోవచ్చా? మా మేనేజర్ రమ్మంటున్నాడు, నాకేమో టెన్షన్.

నల్గొండ_నరేష్
ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. అరువు తెచ్చుకున్నదైనా అంతే. దీనికి మినహాయింపుల్లో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. అంటే ముందు లైసెన్స్, తర్వాతే తుపాకీ. మీ మేనేజర్ "ఒక్కసారి పట్టుకుని చూడు" అన్నా లైసెన్స్ లేకుండా ముట్టుకోవద్దు. స్టేటస్ పోయినవాళ్లకి ఈ మినహాయింపు లేదు. గ్రీన్ కార్డు ఉంటే ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రాల రూల్స్ వేరే ఉంటాయి. ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడిగాకే అడుగు వెయ్యండి, ఫోరంలో విని కాదు. నాతో సహా.

ఓజార్క్_బాబాయ్
మిస్సోరి అయితే 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. పూర్తిగా చదివి వెళ్లండి, ఎంజాయ్ చేస్తారు. మొదటి సీజన్ మాత్రం పద్మలాగా ఊరికే కూర్చోండి. తుపాకీ లేకపోతే కళ్లు బాగా పనిచేస్తాయి.

కాన్సాస్_కిట్టు
కొత్తవాళ్లకి నా వంతు జ్ఞానం: ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటిమీద కనపడకూడదు. పుంజు తల రంగులు అవే. మా ఫ్రెండ్ ఒకడు శనివారం అని పొద్దున్నే పూజ చేసుకుని, ఇంత పెద్ద కుంకుమ బొట్టుతో దిగాడు కారు. మాస్క్ వేసుకుని పైన బొట్టు ఒక్కటి కనపడుతోంది. చెరిపించేసరికి దేవుడికి, మాకు ఇద్దరికీ క్షమాపణ చెప్పాడు.

మిరపకాయ_మధు
బొట్టు చెరిపించారా, పాపం. అందుకే మీకు ఆ ఏడు ఏమీ పడలేదు.

గుంటూరు_గన్ను
రంగుల మాట వచ్చింది కాబట్టి సీరియస్‌గా. రవి చెప్పినదాంట్లో నన్ను భయపెట్టింది మర్యాద విషయం కాదు. ఒకే పొలంలో చీకట్లో ఐదుగురు, అందరూ నిలువెల్లా కామో (అడవిలో కలిసిపోయే బట్టలు), అందరూ టర్కీ కూతలు కూస్తూ, ఎవరెక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్, టర్కీ తోక విసనకర్రలా పట్టుకుని దాని వెనక పాక్కుంటూ పుంజు మీదికి వెళ్లడం. అవతల ఇంకో తుపాకీ ఉందని తెలియకుండా అది చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గేటు దగ్గర వేరే కారు కనపడితే నేను లోపలికి వెళ్లను, అంతే.

డాలస్_డేగ
ఈ పాయింట్‌కి నేను ఒప్పుకుంటాను. ఐదుగురు మాత్రం ఎక్కువ.

మిరపకాయ_మధు
నాకో డౌట్. ఎంత బాగా కూసినా దూరం నుంచి గాబుల్ చేస్తాడు గానీ దగ్గరికి రాడెందుకు? అరుస్తాడు, నిలబడతాడు, వెళ్లిపోతాడు.

ఓజార్క్_బాబాయ్
వాడి వైపు నుంచి చూడు మధూ. అడవిలో పద్ధతి ఏంటంటే పుంజు అరుస్తాడు, పెట్ట నడిచి వాడి దగ్గరికి వెళ్తుంది. మనం పెట్టలాగా కూసి, "నేను రాను, నువ్వే రా" అంటున్నాం. అబ్బాయి వాళ్లింట్లోనే పెళ్లిచూపులు పెట్టి, అమ్మాయిని రమ్మన్నట్టు వాడి లెక్క. పైగా సీజన్ మొదట్లో నిజం పెట్టలు చుట్టూ ఉంటాయి, మన గొంతు ఎవడిక్కావాలి. పొద్దెక్కాక పెట్టలు గూళ్లకి వెళ్లిపోతాయి, అప్పుడు ఒంటరివాడైన పుంజు మన మాట వింటాడు. ఎనిమిది, తొమ్మిదికి ఇంటికి పోయేవాళ్లు సగం వేట వదులుకున్నట్టే. ఇప్పుడు మిస్సోరిలో ప్రైవేటు పొలాల్లో సూర్యాస్తమయం దాకా అనుమతించారు. ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం 1 గంటకే ఆపాలి.

ఇంకోటి, తక్కువ కూయి. కొత్తవాళ్లంతా నోట్లో డయాఫ్రమ్ కాల్ పెట్టుకుని కూస్తూనే ఉంటారు, ఆగరు. కూసి, నోరు మూసుకుని కూర్చో. వాడే వెతుక్కుంటూ వస్తాడు, చప్పుడు చెయ్యకుండా, నీ వెనక నుంచి.

పెన్సిల్వేనియా_పద్మ
వెనక నుంచి, నిజం. తల తిప్పామా, అయిపోయింది. వాటికి వాసన పెద్దగా తెలియదు గానీ చూపు మాత్రం అబ్బో.

రోలా_రవి
అప్‌డేట్. నిన్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఫిర్యాదు చెయ్యడానికి కాదు, ట్రాక్టర్‌కి బ్యాటరీ మార్చాలంటే వెళ్లాను. మాటల్లో ఆయనే అన్నాడు: "మీవాళ్లు చాలామంది వచ్చారే, నువ్వే పంపావనుకున్నాను" అని. మనవాడు వెళ్లి నా పేరు చెప్పి అడిగాడట. నాకు తెలుసన్నట్టే మాట్లాడాడట. వాళ్లలో ఒకడు దిగువ గేటు తెరిచి వదిలేస్తే ఆవులు రెండు రోడ్డెక్కాయి. పక్క పొలంవాళ్లు ఫోన్ చేస్తే ఈయన నైట్ డ్రెస్‌లో వెళ్లి తోలుకొచ్చాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. నా పేరు మీద జరిగింది కదా. నేనెవరినీ పంపలేదని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, ఇకనుంచి నువ్వు, నీ కారు. ఎవరైనా వస్తే నీతో పాటే రావాలి" అన్నాడు.

ఓజార్క్_బాబాయ్
గేటు తెరిచి వదిలేయడం! రైతు దగ్గర అంతకన్నా పెద్ద తప్పు లేదు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి.

డాలస్_డేగ
నీ పేరు చెప్పి అడిగాడా? అయితే నేను ఇంతసేపూ వాదించినదంతా వాపస్. అది అడగడం కాదు, మోసం.

కాన్సాస్_కిట్టు
ఫోరం చరిత్రలో డేగ వాపస్ తీసుకున్న రోజు. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

శాకాహారి_శంకరం
ఆవులకి ఏం కాలేదు కదా?

రోలా_రవి
ఏం కాలేదు శంకరం గారూ. రోడ్డు పక్క గడ్డి తింటూ దొరికాయట.

మిరపకాయ_మధు
మనవాడితో మాట్లాడారా మరి?

రోలా_రవి
మాట్లాడాను. గేటు సంగతి తనకి తెలియదన్నాడు. వెళ్లి పెద్దాయనకి సారీ చెప్పమన్నాను. వెళ్తానన్నాడు, ఇంకా వెళ్లలేదు. వచ్చే ఏడు నాతో తీసుకెళ్లను. లంచ్‌కి మాత్రం వెళ్తున్నాం, ఆఫీసులో రోజూ మొహాలు చూసుకోవాలి కదా.

గుంటూరు_గన్ను
లంచ్ స్నేహం వేరు, అడవి స్నేహం వేరు అని తేల్చేశారన్నమాట. నాకూ ఇద్దరు ముగ్గురున్నారు అలాంటివాళ్లు, సినిమాకి ఓకే, లోడ్ చేసిన తుపాకీతో నా వెనక నడవడానికి నాట్ ఓకే.

హ్యూస్టన్_హరి
టాపిక్ మారుస్తున్నాను, తిట్టకండి. పురుగుల సంగతి ఎవరూ చెప్పలేదు. లోన్ స్టార్ టిక్ అని వీపు మీద తెల్ల చుక్క ఉంటుంది, ఆడదానికి. అది కుట్టాక మా బావమరిదికి ఆల్ఫా-గాల్ ఎలర్జీ పట్టుకుంది. మటన్ తింటే కొన్ని గంటల తర్వాత ఒళ్లంతా దద్దుర్లు. మటన్, బీఫ్, పోర్క్ అన్నీ బంద్. కొందరికి పాలు, నెయ్యి కూడా పడవట. పెళ్లిళ్లలో మటన్ బిర్యానీ వాసన చూసి వచ్చేస్తున్నాడు పాపం. బట్టలకి ముందే పెర్మెత్రిన్ (పురుగుల మందు) కొట్టి ఆరబెట్టుకోండి, ప్యాంటు సాక్సులోకి దోపండి, ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకోండి.

కాన్సాస్_కిట్టు
టర్కీ తినొచ్చా మరి?

హ్యూస్టన్_హరి
పక్షులకి ఆ ఎలర్జీ వర్తించదు. కోడి, టర్కీ, చేప హ్యాపీ. అందుకే వేట మానలేదు వాడు, ఇంకా పెంచాడు.

మిరపకాయ_మధు
తినడం దగ్గరికి వచ్చాం కాబట్టి అడుగుతున్నాను, కాళ్లు ఏం చేస్తారు? మా ఇంట్లో ఎంత ఉడికించినా చెప్పు కొరికినట్టే ఉంది. బ్రెస్ట్ ఏమో ఎండిపోతోంది.

పెన్సిల్వేనియా_పద్మ
అడవి టర్కీ రోజంతా నడుస్తుంది, థాంక్స్‌గివింగ్ టర్కీలాగా పడుకుని తినదు. కాళ్లలో గట్టి నరాలుంటాయి, పచ్చిగా ఉన్నప్పుడు తీయలేరు. అల్లం వెల్లుల్లి, ఉప్పు, పసుపు పట్టించి కుక్కర్లో పెట్టి, కోడికి పెట్టేదానికి మూడింతలు విజిల్స్ రానివ్వండి. తర్వాత నరాలు చేత్తో లాగితే పుల్లల్లా వచ్చేస్తాయి. మిగిలిన మాంసాన్ని గోంగూరలో వేసి మగ్గించండి. పులుపు దానికి భలే పడుతుంది. బ్రెస్ట్‌ని అడ్డంగా పల్చగా కోసి వేపుడు, ఎక్కువసేపు ఉంచొద్దు. తినేటప్పుడు పంటి కింద గుళ్లు చూసుకోండి, మా ఆయన పన్నుకి క్రౌన్ పడింది.

ఓజార్క్_బాబాయ్
మా మెకానిక్ గారికి ఈ గోంగూర సీసాలో పెట్టి ఇస్తాను. కార్న్‌బ్రెడ్‌లో నంజుకుంటాడు. మొదట్లో నేనూ చూడలేకపోయాను, ఇప్పుడు నేనూ అలాగే తింటున్నాను.

కొత్త_హెచ్‌వన్
ఇక్కడ గోంగూర ఫ్రెష్ దొరకదు. సీసా పచ్చడి వేస్తే పర్లేదా?

పెన్సిల్వేనియా_పద్మ
వేయండి, కాకపోతే కూరలో ఉప్పు సగం తగ్గించండి. ముందు లైసెన్స్ తెచ్చుకోండి కానీ.